పాత జంటగొట్టపు తుపాకులలో టోపీ చిల్లిపడుట: గుర్తులు, కారణములు, నివారణము

అడవిపందుల వలన పంటలకు కలుగు నష్టమును గూర్చి రైతులకు క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. వేరుసెనగ కాయ యూరునప్పుడును, మొక్కజొన్న కంకి పాలుపట్టునప్పుడును ఒక్క రాత్రిలో మడి యంతయు నాశనమగుట యెల్లరు నెఱిగినదే. అందుచేత లైసెన్సు గల పట్టాదారులు కొందఱి యిండ్లలో తాతల నాటి జంటగొట్టపు తుపాకులు నేటికిని గలవు. ఈ తుపాకి యేడాదిలో పది నెలలు గోడకు వ్రేలాడుచుండి, పంట చేతికి వచ్చు రెండు నెలలు మంచె మీదికి ఎక్కును. నాగలిని, బండిని ఏటేట మరమ్మతు చేయించుకొను రైతు కూడ తుపాకిని మాత్రము మరమ్మతు లేకయే వాడుచుండుట సాధారణము.

ఇట్టి పాత తుపాకులలో తఱచుగా కనబడు దోష మొకటి కలదు. తూటా పేలిన పిమ్మట దానిని వెలికి దీసి చూడగా, అడుగున నడుమనున్న టోపీకి సన్నని చిల్లి పడియుండును. పెక్కుమంది దీనిని తూటా దోషముగా నెంచి, ఆ తూటాను పారవైచి, మఱియొకటి వేసి కాల్చుదురు. ఇది ప్రమాదకరమైన యలవాటు. ఆ చిల్లి తుపాకి యొక్క ఆరోగ్యమును దెలుపు గుర్తు. దానిని చదువ నేర్చిన రైతు తన కన్నును, తన తుపాకిని గాపాడుకొనును. ఆ గుర్తును చదువు విధమును, పిమ్మట చేయవలసిన పనిని ఈ పత్రమున వివరింపబడుచున్నవి.

1. తుపాకి పనిచేయు విధము

దోషమును దెలిసికొనుటకు ముందు భాగముల పేర్లు తెలియవలెను. తూటా అనునది కాగితము లేక ప్లాస్టిక్ గొట్టము. దాని యడుగున ఇత్తడి చిప్ప యుండును. ఆ చిప్ప నడుమ టోపీ అను చిన్న లోహపు గిన్నె బిగింపబడి యుండును. టోపీలో దెబ్బకు అంటుకొను మందు కొద్దిగా నుండును. దానిపై తుపాకిమందు, ఆపైన అట్టబిళ్ళ, ఆపైన సీసపు గుండ్లు వరుసగా నుండును.

తుపాకి మడచినపుడు తూటాలు చొప్పించు స్థలమును గది యందుము. మూసినపుడు తూటా వెనుక భాగమునకు ఆనుకొని యుండు ఉక్కు గోడను వెనుక ఫలకమందుము. ఆ ఫలకమున గొట్టమున కొకటి చొప్పున రెండు చిన్న రంధ్రములు గలవు. మీట నొక్కగానే గుఱ్ఱము ముందునకు పడును. దాని బలము వలన సన్నని ఉక్కు ములుకు రంధ్రము గుండ ముందునకు వచ్చి టోపీని పొడుచును. ఈ ములుకునే తుపాకి పనివారు స్ట్రైకరు అందురు.

ములుకు టోపీని లోనికి నొక్కవలెనే కాని చీల్చరాదు. ములుకోలతో ఎద్దును అదలించు రైతునకు ఈ భేదము సులభముగా బోధపడును. మొన మితముగా నున్న ములుకోల ఎద్దును కదలించును; మేకు మితిమీరి వాడిగా నున్నచో నెత్తురు కార్చును. తుపాకి ములుకు టోపీలో గుండ్రని గుంట చేయవలెను. ఆ గుంట వలన లోపలి మందు అంటుకొనును. అంటుకొన్న మఱుక్షణమున తూటాలో గొప్ప ఒత్తిడి పుట్టి, గుండ్లను ముందునకును, టోపీని వెనుకకును నెట్టును. అప్పుడు టోపీకి ఆధారముగా నిలుచునవి రెండే: వెనుక ఫలకము, ఆ ఫలకపు రంధ్రమును నింపియున్న ములుకు. ఈ రెండింటిలో నేది లోపించినను టోపీ నిలువజాలదు.

2. చిల్లి వలన కలుగు కీడు

టోపీ చిల్లిపడగానే కాలుచున్న వాయువు ఆ సందు గుండ వెనుకకు దూసికొని వచ్చును. ములుకు రంధ్రము గుండ లోని యంత్రములోనికి పోయి, అచటినుండి దొరకిన సందుల ద్వారా కాల్చువాని ముఖము వైపునకు వచ్చును. దానితో గూడ ఇత్తడి తునకలు, కాలని మందు రవ్వలు వచ్చుట కలదు. గురిచూచువాని కన్ను తుపాకి వెనుక భాగమునకు జేనెడు దూరముననే యుండునని జ్ఞప్తియందుంచుకొనవలెను. ఒక పంట పోయినచో మఱుసటి యేడు మఱియొకటి పండించుకొనవచ్చును. కన్ను పోయినచో తిరిగి రాదు.

రెండవ కీడు తుపాకికే కలుగును. ఆ వేడి వాయువు ములుకు మొనను కొఱికి గుంటలు చేయును; రంధ్రపు అంచులను తినివేయును; లోపలి స్ప్రింగులపై మసిని పఱచి త్రుప్పు పుట్టించును. గుంటలు పడిన మొన గఱకుగా నుండుటచే తరువాతి టోపీని సులభముగా చీల్చును. ఆ చీలిక నుండి వచ్చిన వాయువు మొనను మఱింత తినును. ఈ విధముగా ఒక చిల్లి మఱియొక చిల్లిని కనుచుండును. మొదటి చిల్లి ఒక్క చెడ్డ తూటా వలననే కలిగియున్నను, దానిని ఉపేక్షించినచో రెండవది తుపాకి దోషము వలననే కలుగును. మొదటిసారియే ఆగుట యవసరమనుటకు కారణమిదియే.

3. చిల్లి కనబడిన వెంటనే చేయవలసినది

కాల్చినపుడు ముఖమునకు వేడిగాలి తగిలినను, ధ్వని మామూలుకంటె భిన్నముగా నున్నను, వెంటనే ఆగవలెను. గొట్టములను మనుష్యులు, పశువులు లేని దిక్కునకు నేలవైపుగా నుంచవలెను. మీట నొక్కినను పేలని యెడల తుపాకిని తొందరపడి తెఱువరాదు. ఆలస్యముగా పేలు తూటా లుండును గనుక గొట్టము నట్లే యుంచి నిదానముగా అఱువది లెక్కించి పిమ్మట తెఱువవలెను. రెండవ గొట్టములోని తూటాను గూడ వెలికి తీయవలెను. పిమ్మట గొట్టములను వెలుతురువైపు పట్టి, లోపల అట్టబిళ్ళ గాని మఱియేదైన గాని చిక్కుకొనలేదని రూఢి చేసికొనవలెను. అడ్డు గల గొట్టమున మఱియొక తూటా కాల్చినచో గొట్టము పగులును.

చిల్లిపడిన తూటాను పారవేయరాదు. అది కుడి గొట్టములోనిదో యెడమ గొట్టములోనిదో దానిపై పెన్సిలుతో గుఱుతు పెట్టవలెను. ఆనాడు కాల్చిన తక్కిన తూటాలను గూడ అట్లే గుఱుతుపెట్టి ఒక సంచిలో నుంచవలెను. తుపాకి బాగుచేయువానికి ఈ ఖాళీ తూటాల సంచి యెంతయో యుపయోగకరము.

ఎవరికైనను కంటిలో తునక పడిన యెడల కన్ను నలుపరాదు. తునకను లాగుటకు యత్నింపరాదు. చనుబాలు, ఆకుపసరు మొదలగునవి పోయరాదు. కంటిపై ఒత్తిడి కలుగకుండ శుభ్రమైన గిన్నె వంటి దానిని మూతగా నుంచి కట్టి, ఆలస్యము చేయక కంటి వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. కాల్చునపుడు గట్టి కంటద్దములు ధరించుట మంచి యలవాటు.

4. దోషము తూటాదా, తుపాకిదా?

ఈ ప్రశ్నకు తుపాకి విప్పకయే చాల వఱకు సమాధానము దొరకును. సంచిలోని తూటాలను కుడివి యొకవైపు, ఎడమవి యొకవైపు పేర్చి చూడవలెను.

చిల్లులన్నియు ఒకే గొట్టపు తూటాలలో నున్నచో దోషము ఆ గొట్టపు ములుకునందో, రంధ్రమునందో, స్ప్రింగునందో కలదు. ఒకే పెట్టెలోని తూటాలు రెండవ గొట్టమున చిల్లిపడలేదు గదా! సాధారణముగా ముందరి మీట కుడి గొట్టమును, వెనుక మీట ఎడమ గొట్టమును పేల్చును. ముందరి మీటనే మొదట నొక్కుట యలవాటు గనుక పాత తుపాకులలో కుడి ములుకు ఎక్కువగా అరిగియుండుట సహజము.

రెండు గొట్టములయందును చిల్లులు పడి, అవి యన్నియు ఒకే పెట్టెలోని తూటాలైనచో, అంతకుముందు వేఱు తూటాలతో తుపాకి బాగుగ పనిచేసియున్నచో, తూటాలనే ముందుగా శంకింపవలెను. రెండు గొట్టములయందును, అన్ని రకముల తూటాలతోను చిల్లులు పడుచున్నచో తుపాకి వెనుక భాగ మంతయు అరిగియుండును, లేక ఆ తుపాకి నేటి తూటాల బలమునకు తగినది కాకపోవును.

పరీక్ష పేరిట ఇంటియొద్ద మరల మరల కాల్చుట కూడదు. పై వివేచన యంతయు ఇదివఱకు కాల్చిన తూటాలతోనే చేయవలెను.

5. టోపీపై గుర్తులను చదువు విధము

పగటి వెలుతురున, వీలైనచో భూతద్దముతో టోపీని పరిశీలింపవలెను. దోషము లేని టోపీలో గుండ్రని నున్నని గుంట నడుమ నుండును. దాని యంచు టోపీ ఉపరితలముతో సమముగా కలిసిపోవును.

గుంట మిక్కిలి లోతుగా నుండి, దాని యడుగున గుండ్రని శుభ్రమైన చిల్లి యున్నచో ములుకు ఎక్కువ పొడవు ముందునకు వచ్చుచున్నదని గ్రహింపవలెను. చిల్లి అంచులు చిఱిగి వంకరటింకరగా నున్నచో ములుకు మొన వాడిగా నున్నది, విఱిగినది, లేక గుంటలు పడినది.

గుంట చుట్టును లోహము గట్టువలె పైకి లేచి, నడుమ చిన్న బిళ్ళ తెగిపోయినట్లున్నచో వెనుక ఫలకపు రంధ్రము అరిగి పెద్దదైనది. టోపీ లోహము ఒత్తిడికి తట్టుకొనలేక ములుకు చుట్టునున్న ఖాళీలోనికి ప్రవహించినదన్న మాట.

టోపీ యంతయు అణగి, దాని గుండ్రని యంచులు పోయి చదునుగా నున్నచో తూటాలో ఒత్తిడి మితిమీరినది. తూటా గదినుండి కష్టముగా వెలువడుటయు దీనికి తోడు గుర్తు. టోపీ తన స్థానమునుండి వెనుకకు జరిగి, ఇత్తడి చిప్పకంటె ఎత్తుగా నున్నచో తూటాకును వెనుక ఫలకమునకును నడుమ ఖాళీ యెక్కువైనది.

గుంటనుండి ఒక ప్రక్కకు గీచుకొనిపోయిన గీత యున్నచో ములుకు వెనుకకు పోవుట లేదు. తుపాకి తెఱచునపుడు అది టోపీలోనే చిక్కుకొని గీచుచున్నది. ఇట్టి తుపాకి తెఱచుట కూడ బిగువుగా నుండును. కొంతకాలమునకు ములుకు మొన విఱుగును.

6. ములుకు దోషములు

ములుకు మొన సగము గోళము వలె నున్నగా నుండవలెను. వాడి మొన చీల్చును. చదును మొన అంచులతో కోయును. అది మితముగా ముందునకు రావలెను. ఎక్కువ వచ్చినచో చిల్లి. తక్కువ వచ్చినచో పేలకపోవుట. ములుకు యొక్క ఉక్కు పదును సైతము సరిగా నుండవలెను. మితిమీరిన పదును గలది విఱుగును. మెత్తనిది దెబ్బలకు నలిగి పుట్టగొడుగు వలె విప్పారి రంధ్రమున చిక్కుకొనును. సైకిలు పుల్లతోను, మేకు ముక్కతోను ములుకు చేయించుకొనుట అపాయమునకు త్రోవ యనుటకు కారణమిదియే.

తుపాకి జాతిని బట్టి మరమ్మతు మాఱును. బయట గుఱ్ఱములు గల పాత తుపాకులలో ములుకు ప్రత్యేకముగా నుండి, వెనుకనుండి మరచుట్టుతో బిగింపబడి యుండును. దానిని మార్చుట సులభము, ఖర్చు స్వల్పము. గుఱ్ఱములు లోపల దాగియుండు తుపాకులలో పెక్కులు, బర్మింగ్‌హాములోని వెస్ట్‌లీ రిచర్డ్స్ కార్ఖానాకు చెందిన ఆన్సన్, డీలీ అనువారు 1875లో పేటెంటు పొందిన పద్ధతి ననుసరించినవి. వాటిలో సాధారణముగా ములుకు గుఱ్ఱముతో ఏకఖండమై యుండును. దానిని ఆకురాయితో రాచి పొట్టిచేసినచో తిరిగి పొడవు చేయుట సులభము కాదు. గుఱ్ఱమునే మార్చవలసి వచ్చును. కావున ఇట్టి తుపాకిని అనుభవము లేనివాని చేతి కీయరాదు.

మిక్కిలి పాత గుఱ్ఱపు తుపాకులలో మఱియొక విశేషము గలదు. జాన్ స్టాంటన్ 1867లో పేటెంటు పొందిన పద్ధతి వ్యాపించిన పిమ్మట, గుఱ్ఱము టోపీని కొట్టి తనంతట తాను కొంచెము వెనుకకు వచ్చును. అంతకుముందటి తుపాకులలో గుఱ్ఱము ములుకుపైననే నిలిచియుండును. అట్టి తుపాకిని తెఱచుటకు ముందు గుఱ్ఱమును చేతితో సగమునకు ఎత్తవలెను. ఎత్తక తెఱచినచో ములుకు టోపీని గీచి తాను వంగును.

7. రంధ్రము, స్ప్రింగు

ములుకు రంధ్రములో వదులుగా కదలరాదు, బిగిసిపోరాదు. రంధ్రము అరిగినచో క్రొత్త ములుకు వేసినను చిల్లులు ఆగవు. మేలైన తుపాకులు కొన్నింటిలో రంధ్రము చుట్టును వేఱుగా ఒక ఉక్కు బిళ్ళ మరతో బిగింపబడి యుండును; ఆ బిళ్ళను మార్చిన చాలును. బిళ్ళ లేని తుపాకులలో బాగుచేయువాడు రంధ్రమును పెద్దదిగా తొలిచి, అందు ఉక్కు బుష్షు బిగించి, దానికి క్రొత్త రంధ్రము చేయును.

స్ప్రింగు బలహీనమైనచో టోపీ చిల్లిపడుట యెట్లని కొందఱు సందేహింతురు. దెబ్బ తగ్గినచో పేలకపోవుట కద న్యాయము! కాని టోపీ పేలిన క్షణమున ములుకు దానికి అండగా నిలిచియుండవలెనని పైన చెప్పబడినది. బలహీనమైన స్ప్రింగు గల గుఱ్ఱము, ఒత్తిడి వెనుకకు నెట్టగానే లొంగిపోవును. ములుకు వెనుకకు జరిగిన స్థలమున టోపీ లోహము ఉబ్బి తెగును. కావున ఒకనాడు పేలకపోవుటయు, మఱునాడు చిల్లిపడుటయు ఒకే తుపాకిలో చూడనగును. ఏండ్లతరబడి లోపల పేరుకొని గట్టిపడిన నూనె సైతము గుఱ్ఱపు వేగమును తగ్గించి ఇట్టి దోషమునే కలిగించును. అట్టి సందర్భమున శుభ్రపఱచుటయే మరమ్మతు.

8. గొట్టములు వదులగుట

తుపాకి మడచు కీలు అరిగినచో గొట్టములు వెనుక ఫలకమునకు గట్టిగా ఆనుకొనవు. రైతు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. తుపాకిలో తూటాలు లేవని రెండుసార్లు చూచుకొని, గొట్టముల క్రిందనుండు చేతిపట్టు కొయ్యను తీసివేసి, తుపాకిని మూసి, కదలించి చూడవలెను. ఆ కొయ్య యున్నప్పుడు వదులు కనబడదు గనుక దానిని తీసియే చూడవలెను. టకటక కదలిక తెలిసినను, గొట్టములకును ఫలకమునకును నడుమ వెలుతురు సందు కనబడినను కీలు బిగింపవలసి యున్నది.

తూటా అంచు కూర్చుండు గాడి గది మొదట నుండును. 12 బోరు తుపాకులలో ఈ గాడి లోతు సుమారు 1.8 మిల్లీమీటర్లు. ఇది అరిగి లోతు పెరిగినను తూటా ముందునకు జరుగును. అప్పుడు పేలుడు తూటాను వెనుకకు విసరి ఫలకమునకు కొట్టును. టోపీ ఆధారము తప్పును. ఇట్టి తుపాకిలో ములుకును మాత్రము మార్చి తృప్తిపడుట, గట్టు తెగిన చెఱువునకు తూము బాగుచేయించుట వంటిది.

9. తూటా తుపాకికి తగినదేనా?

పాత తుపాకులు నేటి తూటాలన్నింటికిని తగినవి కావు. ఈ విషయమున రెండు సంగతులు చూడవలెను.

మొదటిది గది పొడవు. ఇంగ్లండులో పూర్వము చేసిన 12 బోరు తుపాకులలో పెక్కింటి గది పొడవు రెండున్నర అంగుళములు, అనగా సుమారు 65 మిల్లీమీటర్లు. నేడు 70 మిల్లీమీటర్ల తూటాలు విరివిగా దొరకుచున్నవి. తూటాపై వ్రాయు పొడవు అది పేలి మూతి విచ్చుకొన్న పిమ్మటి పొడవు. మడతలు మూసిన 70 మిల్లీమీటర్ల తూటా పొట్టిగది యందు సులభముగా దూరును. దూరినది గనుక సరిపోయినదని రైతు భ్రమపడును. కాని పేలునపుడు మూతి విచ్చుకొనుటకు చోటు లేక గొట్టపు ఇఱుకులోనికి చొచ్చును; గుండ్లకు దారి తగ్గి ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడి వెనుక టోపీపై పడును.

రెండవది మందు జాతి. పూర్వకాలపు తుపాకులు దట్టమైన పొగ వచ్చు నల్లని మందుకై చేయబడినవి. నేటి తూటాలలో పొగలేని మందు గలదు. ఇంగ్లండులో తుపాకులను బలమైన తూటాలతో పరీక్షించి ముద్రలు వేయు పరీక్షాగృహములు లండనులోను, బర్మింగ్‌హాములోను గలవు. బర్మింగ్‌హాము గృహము 1813లో స్థాపింపబడినది. గొట్టములను తుపాకి నుండి విడదీసి, వాటి క్రింది చదును భాగమును చూచినచో ఆ ముద్రలు కనబడును. ఎన్.పి. అను అక్షరములు గాని, నైట్రో ప్రూఫ్ అను మాటలు గాని యున్నచో ఆ తుపాకి తన కాలమున పొగలేని మందుతో పరీక్షింపబడినది. అవి లేనిచో పొగలేని తూటాలు వాడరాదు. బెల్జియములోని లియేజ్ పరీక్షాగృహపు తుపాకులపై కిరీటము క్రింద ఈ.ఎల్.జి. అను అక్షరములు గల ముద్ర యుండును. దానితోపాటు నున్న తక్కిన ముద్రలను తెలిసినవానిచే చదివింపవలెను.

ఇనుమును, ఉక్కును మెలివేసి చుట్టిన గొట్టములపై నీటి అలల వంటి గీతలు కనబడును. వీటిని డమాస్కసు గొట్టములందురు. వీటిలో కొన్ని పొగలేని మందుతో పరీక్షింపబడినవి, కొన్ని కావు. గీతల యందమును బట్టి గాక ముద్రను బట్టియే నిర్ణయింపవలెను. ముద్ర యున్నను, అది వేసిన నాటినుండి గొట్టము లోపల త్రుప్పుచే పలుచబడి యుండవచ్చును గనుక ఇప్పటి స్థితిని కొలిపించుట యవసరము.

ఇంటియొద్ద మందు దట్టించి తిరిగి నింపిన తూటాలు, పేరు తెలియని తూటాలు, తడిసి ఉబ్బిన కాగితపు తూటాలు, ఎండలో రేకు పెట్టెలో కాగిన తూటాలు వాడరాదు. పొగలేని మందు వేడెక్కినకొలది ఒత్తిడి హెచ్చును.

10. రైతు చేయదగినది, చేయరానిది

కాల్చిన ప్రతి తూటా టోపీని చూచుట, గుఱుతు పెట్టుట, గొట్టములను తుడుచుట, ముద్రలు చదువుట, కీలు వదులు పరీక్షించుట రైతు చేయదగిన పనులు. ములుకును రాచుట, స్ప్రింగును వంచుట, రంధ్రమును సుత్తితో కొట్టి మూయుట, కీలు సందులో రేకు ముక్క నుంచుట చేయరాని పనులు. ఊరి కమ్మరి పనితనమునకు ఇది తక్కువ కాదు. నాగటి కఱ్ఱును చక్కగా సాగగొట్టువానికి తుపాకి ములుకు కొలతలు తెలియనవసరము లేదు. ఇదిగాక, 1959 ఆయుధముల చట్టపు 5వ సెక్షను ప్రకారము తుపాకులను వృత్తిగా బాగుచేయుటకు లైసెన్సు కావలెను. కావున లైసెన్సు గల తుపాకి వ్యాపారి యొద్దకే తీసికొనిపోవలెను. తన లైసెన్సును వెంట నుంచుకొనవలెను.

బాగుచేయువాని యొద్ద ములుకు మొన ఆకారము, అది ముందునకు వచ్చు కొలత, రంధ్రపు వదులు, స్ప్రింగు బలము, కీలు బిగువు, గది పొడవు అను ఆఱింటిని చూడుమని అడుగవలెను. ములుకు మార్చిన పిమ్మట అతడే కాల్చి చూచి, ఆ ఖాళీ తూటాలను చూపవలెనని కోరవలెను. ఖర్చు తుపాకి విలువను మించునని తోచినచో ఆ తుపాకిని కాల్చుట మానుటయే మేలు.

11. శుభ్రత

కాల్చిన దినముననే తుపాకిని శుభ్రపఱుపవలెను. పూర్వకాలపు టోపీలలో పొటాసియం క్లోరేటు ఉండెడిది. అది కాలిన పిమ్మట ఉప్పు వంటి పదార్థము మిగిలి గాలిలోని తేమను పీల్చి త్రుప్పు పట్టించును. ఆ ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరగును. కావున పాత నిలువ తూటాలు కాల్చినవారు విడదీసిన గొట్టములను మాత్రము వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పిమ్మట నూనె పూయవలెను.

వెనుక ఫలకమును పొడిగుడ్డతో తుడిచి, ములుకు రంధ్రముల యొద్ద మసి లేకుండ చేయవలెను. పలుచని తుపాకి నూనెను ఒక్క చుక్క వాడిన చాలును. ఆముదము, నువ్వులనూనె, వంటనూనె పోయరాదు. అవి కాలక్రమమున జిగురై గుఱ్ఱమును పట్టివేయును. నూనె చేతులతో తూటాలను తాకరాదు. నూనె టోపీలోనికి దిగి మందును చెఱచును. వానకాలమున తుపాకిని తోలు ఒరలో మూసియుంచిన చెమ్మ పట్టును; పొడిగుడ్డ చుట్టి, గాలి తగులు చోట, తాళము వేసి, పిల్లల కందకుండ ఉంచవలెను. తూటాలను వేఱుగా తాళమున నుంచవలెను.

12. ఒక హెచ్చరిక

తుపాకి బాగైన మాత్రమున అడవిపందిని కాల్చుటకు హక్కు కలుగదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, నిలిచియున్న పంటను పాడుచేయు మృగమును చంపుటకైనను అధికారయుతమైన అనుమతి ముందుగా పొందవలెను. అనుమతిలోని షరతులను చదివించుకొని తెలిసికొనవలెను.

సంగ్రహము

(1) కాల్చిన ప్రతి తూటా టోపీని చూడుడు. (2) చిల్లి కనబడినచో ఆనాటికి కాల్చుట మానుడు. (3) ఖాళీ తూటాలను కుడి, ఎడమ గుఱుతులతో దాచుడు. (4) ఒకే గొట్టమున చిల్లులైన ములుకును, ఒకే పెట్టెలో నైన తూటాలను, అంతట నైన తుపాకి నంతటిని శంకింపుడు. (5) గది పొడవును, గొట్టపు ముద్రలను తెలిసికొనక తూటాలు కొనకుడు. (6) ములుకును ఆకురాయితో రాయకుడు, రాయనీయకుడు. (7) లైసెన్సు గల పనివానిచే పంటకాలమునకు ముందే, అనగా విత్తునాటికే, తుపాకిని చూపించుకొనుడు. పంది చేనిలో పడిన రాత్రి తుపాకి మరమ్మతునకు సమయము కాదు.